గడ్డి బండి బెల్టూ, మా బావ పంతమూ

మా బావకు, అంటే మా అక్క భర్తకు, బ్యాంకులో ఉద్యోగం చేసినంతకాలం కోపం వచ్చేది కాదు. రిటైరై బెళ్ళందూరులో మా ఎదుటి ఫ్లాటులో దిగాక ఆయన కోపం నేర్చుకున్నాడు. అదీ ఒకే ఒక్క విషయానికి. పచ్చిక మీద ఎవరైనా కాగితం ముక్క పారేస్తే చాలు.

ఆ పచ్చిక ఆయన పెంచిందే మరి. మా అపార్ట్‌మెంట్ల నడుమ బిల్డరు వదిలేసి పోయిన జాగాలో సిమెంటు పెళ్లలూ వంగిన ఇనుప చువ్వలూ తప్ప ఏమీ ఉండేవి కావు. బావ వాటిని ఎత్తి పోయించి, ఎర్రమట్టి తోలించి, గడ్డి పలకలు పరిపించి, చంటిబిడ్డకు పాలు పట్టినట్టు తెల్లవారుజామునే గొట్టంతో నీళ్లు పట్టాడు. ఆ గడ్డి ఎంత మెత్తగా వచ్చిందంటే, ఒకసారి పై అంతస్తు నుంచి జారిపడిన సెల్‌ఫోను పగలలేదు సరిగదా, అక్కడే హాయిగా పడుకుని ఎవరు పిలిచినా పలకడం మానేసింది. మా అక్క మాత్రం, "మా తమ్ముని మాటల్ని ముందు నీళ్లలో జాడించి, పిండి, ఆరేసి, ఆ పైన నమ్మాల" అంటుంది. జాడించినా ఆ గడ్డి మెత్తన మాత్రం నిజమే.

గడ్డి పెరిగితే కోయాలి కదా. మొదట్లో ఒక కాంట్రాక్టరు మనుషులు వచ్చి, భుజాన మోసే యంత్రాలతో బర్రుమని కోసి పోయేవారు. ఆ కోత బావకు నచ్చలేదు. "పండగ ముందు మంగలికి పిలకాయ నెత్తి అప్పజెప్పినట్టుండాది" అన్నాడు. ఫ్లాట్ల సంఘం వాళ్లను ఒప్పించి, ఎక్కడో గోల్ఫు మైదానం వాళ్లు వాడి అమ్మేసిన, మీద కూర్చుని నడిపే గడ్డి కోత బండిని తెప్పించాడు. కాంట్రాక్టరును మాన్పించాడు. ఎర్ర రంగు బండి. స్టీరింగు, సీటు, వెనక ఇంజను, కడుపు కింద తిరిగే బ్లేళ్లు. దాని మీద ఆయన టోపీ పెట్టుకుని కూర్చుని అటూ ఇటూ తిరుగుతుంటే, ఊరేగింపుకు వెళ్తున్న ఉత్సవ విగ్రహం కూడా ఒక అడుగు పక్కకు జరిగి దారిస్తుంది.

దసరా దాటాక ఆ బండి మొరాయించింది.

బెంగళూరులో ఆ రోజుల్లో వానలు ఎట్లా పడతాయో తెలిసిందే. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం జల్లు. గడ్డికి అంతకంటే ఏం కావాలి? బావ ఉత్సాహంగా బండెక్కి తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది. బ్లేళ్లు తిరిగాయి. బండి మాత్రం నిండు గర్భిణిలా ఒక అడుగు వేసి, ఆయాసపడి, ఈతకొలను పక్కనున్న చిన్న ఎత్తు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా నిలబడిపోయింది. కింద నుంచి కీచుమనే శబ్దం, ఆ వెనకే రబ్బరు కాలిన వాసన. బావ పెడలు నొక్కుతున్నాడు, ఇంజను అరుస్తోంది, చక్రాలు మాత్రం ఎవరి గొడవో మనకెందుకన్నట్టు ఉన్నాయి.

మామూలు రోజుల్లో అయితే ఇది నవ్వుకుని వదిలేసే సంగతే. కానీ ఆదివారం సంఘం సర్వసభ్య సమావేశం ఉంది. అందులో ఒక తీర్మానం ఉంది: ఆ పచ్చికను పెరికేసి, సిమెంటు పలకలు పరిచి, కార్లకు పార్కింగు చెయ్యాలని.

తీర్మానం పెట్టినాయన మూడో బ్లాకులో ఉంటాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి, కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే యువకుడు. ఇంట్లో రెండు కార్లు, కింద ఒక్క కారుకే జాగా. చెడ్డవాడు కాదు. లిఫ్టులో కనబడితే మా అక్క చేతిలోని సంచీ అందుకునే రకం. కానీ రెండో కారును రోడ్డు మీద పెట్టి, రోజూ ఎవరో గీసిపోయిన గీతలను తడుముకుని తడుముకుని, ఆయన మనసు పచ్చిక మీదికి మళ్లింది.

"సార్, పర్సనల్‌గా తీసుకోవద్దు" అన్నాడు బావతో. "గ్రీనరీ అంటే నాకూ ఇష్టమే. కానీ ప్రాక్టికల్‌గా ఆలోచించాలి కదండీ."

బావ తలాడించాడు. సమావేశం ఎప్పుడూ ఆ పచ్చిక మీదే కుర్చీలు వేసి పెడతారు. గడ్డి నున్నగా, పట్టుబట్టలా పరుచుకుని ఉంటే, దాని మీద కాళ్లు చాపుకుని కూర్చున్న జనం దాన్ని పెరికెయ్యమని చేతులెత్తలేరని బావ ధీమా. మోకాలెత్తు పెరిగి, ప్లాస్టిక్ కుర్చీలు అందులో మునిగిపోయి, ఎవరో ఒకరు "పాము!" అని ఒక్క కేక వేస్తే మాత్రం అంతే సంగతులు. కాంట్రాక్టరును పిలుద్దామంటే వాళ్లు వేరే చోట ఒప్పుకున్నారు. పైగా మాన్పించిన మనిషిని మళ్లీ బతిమాలడం బావ వంశంలో లేదట. కాబట్టి ఆదివారంలోగా ఆ బండి కదలాలి. కదలకపోతే బావ పచ్చిక పోతుంది.

నేను ఇంటి దగ్గరే కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దుకునేవాణ్ణి. దానివల్ల పగటిపూట పని లేనట్టు కనబడే మగవాణ్ణి మా బ్లాకులో నేనొక్కణ్ణే. బావ తలుపు తట్టాడు.

"బామ్మర్దీ, పెట్రోలులో నీళ్లు కలిసినట్టుండాయి. రా, తీసేసి వేరేది పోద్దాం."

"ఇంజను అంతగా గర్జిస్తాంటే పెట్రోలు తప్పెట్లయితాది బావా?"

"నీకు తెలీదు, రా."

పెట్రోలు తీశాం, కొత్తది పోశాం. ఇంజను ఇంకా గట్టిగా గర్జించింది. బండి ఇంకా గట్టిగా నిలబడింది.

దాన్ని షెడ్డుకు చేర్చాలి. ఇక్కడ ఒక చిక్కు. ఆ బండికి సీటు కింద ఒక స్విచ్చు ఉంది. మీద మనిషి లేకపోతే ఇంజను ఆగిపోతుంది, పడి దెబ్బలు తగలకుండా చేసిన ఏర్పాటు. వెనక ఒక చిన్న మీట కూడా ఉంది. దాన్ని లాగితే చక్రాలు వదులై, చేత్తో తోసుకుపోవచ్చు. నేను మీట లాగి, ఇంజను ఆపేసి దిగమన్నాను. "దిగితే స్టీరింగు ఎవరు పట్టుకుంటారు?" అని బావ కూర్చునే ఉన్నాడు. నేను తోశాను. బాల్కనీల్లో నిలబడిన ఆడవాళ్లు చూస్తుండగా ఆయన రథం మీద, నేను రథం వెనక. ఎవరో పైనుంచి నవ్వుతూ, "అంకుల్, ప్రసాదం ఎప్పుడు?" అని కేకేశారు. బావ టోపీ సర్దుకున్నాడు తప్ప దిగలేదు.

షెడ్డులో చెమట తుడుచుకుంటూ నేనన్నాను: "ఇది బెల్టు జబ్బు బావా. ఇంజను తిరిగి, చక్రం తిరగలేదంటే నడుమ బెల్టు జారుతున్నట్టే."

"నీకెట్ల తెలుసు?"

"మా ఊరి బియ్యం మిల్లు మరిచిపోతివా? దాని బెల్టు ఒకసారి పుల్లీ నుంచి జారి వీధిలోకొచ్చి, సంతకు పోతాండే ఒకాయన సైకిలు చక్రానికి తగులుకునింది. ఆయన తొక్కకుండానే కదిరి చేరుకున్నాడు."

బావ కళ్లద్దాల పై నుంచి చూశాడు. "మొన్న హిందూపురం అంటివి గదప్పా?"

"కదిరిలో దిగేదానికి బెల్టు నిలబడాల గదా బావా? అందుకే హిందూపురం దాకా పోయినాడు."

నా సాక్ష్యం ఎలాంటిదైనా తీర్పు సరైనదే. జబ్బు బెల్టుదే. మేము చేసిన తప్పు ఏమిటంటే, ఆ బండికి బెల్టులు రెండని ఆలోచించకపోవడం. పక్కనుంచి తొంగి చూస్తే, బ్లేళ్లను తిప్పే పెద్ద బెల్టు ఎదురుగా, చేతికందేలా కనిపించింది. అంచులు కాస్త రేగి ఉన్నాయి. "దొరికినాడు దొంగ" అన్నాడు బావ. చేతికందిన వాడే దొంగ. లోపల ఎక్కడో ఇరుకున, ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే సన్న బెల్టు ఇంకొకటి ఉందని మాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నేను ప్రూఫులు దిద్దుకుంటూ ఉండేవాణ్ణి.

ఆ బెల్టు పట్టుకుని ఆనేకల్ పోయాం. అక్కడ మగ్గాలకూ పిండి మరలకూ రకరకాల బెల్టులు అమ్మే దుకాణం ఒకటి బావకు తెలుసు. దాన్ని నడిపేది ఒక పెద్దామె. గోడ నిండా మేకులకు నల్లటి బెల్టులు వేలాడుతున్నాయి. వాటి నడుమ తలలో కనకాంబరాలు పెట్టుకుని ఆమె కూర్చున్న తీరు చూస్తే, పాముల పుట్టలో అమ్మవారు కొలువైనట్టు ఉంది. నేనామాట పైకే అన్నాను.

"అయితే దణ్ణం పెట్టి కానుక వెయ్యప్పా" అని ఆమె చెయ్యి చాపింది. "ఏ మరకు?"

"మర కాదమ్మా, గడ్డి కోసే బండికి" అన్నాడు బావ.

"గడ్డి కోసేదానికి బండా?" ఆమె పాత బెల్టును వేళ్ల మధ్య ఆడించి వెడల్పు చూసింది. "మీ ఇంట్లో ఆవులెన్ని ఉండాయి సామీ?"

"ఆవుల్లేవు."

"మరి కోసిన గడ్డి ఎవరు తింటారు?"

బావ నావైపు చూశాడు. నేను గోడ మీది బెల్టులు చూశాను. ఆమె నవ్వుకుంటూనే అదే కొలతలో కొత్త బెల్టు తీసి ఇచ్చింది. బండి ఎత్తు ఎక్కదు, బెల్టు జారుతోందేమో అని బావ చెబితే, కాగితంలో కొంత పొడి కట్టి చేతిలో పెట్టింది.

"గుగ్గిలం. మా ఆయన ఉండేటప్పుడు పిండి మరలో బెల్టు జారితే ఇదే చల్లేది. పట్టుకునిందంటే మళ్లా వదల్దు. మొగుడూ పెళ్లాల మధ్య జల్లినా పనిచేస్తాది, బేకా, కావాల్నా?"

"మాకు ఇప్పటికే గట్టిగానే పట్టుకోనుండాదిలేమ్మా" అన్నాడు బావ. ఆ మాట నేను ఇంటికి వచ్చి అక్కకు కొంచెం మెరుగులు దిద్ది చెప్పాను. ఆ రాత్రి ఎదుటి ఫ్లాటులో పప్పు మాడిన వాసన వచ్చింది.

కొత్త బెల్టు ఎక్కించడానికి ఒక పూట పట్టింది. పక్కన మిగిలిన ఖాళీల్లో, చెయ్యి దూరినంత మేరా బావ గుగ్గిలం చల్లాడు. బండిని పచ్చిక నడుమకు తోసుకుపోయి, అంటే నేను తోసుకుపోయి, ఇంజను పెట్టాడు. బ్లేళ్లు ఎన్నడూ లేనంత జోరుగా తిరిగాయి. బండి మాత్రం కదల్లేదు. కదలకుండా ఒకేచోట నిలబడి, ఉన్నచోట గడ్డిని మొదలంటా కోసి, గుండ్రంగా గుండు గీసింది. కింద నుంచి గుగ్గిలం కాలి, సాంబ్రాణి వేసినట్టు గుప్పున పొగ లేచింది.

అక్క బాల్కనీలోంచి తొంగి చూసి, "ఏమిరా, పట్టపగలు ధూపమేస్తాండారు? ఎవరికి పట్టింది దయ్యం?" అంది.

"మీ ఆయన బండికి" అన్నాను.

అదే సమయానికి రెండో కారు రోడ్డు మీద పెట్టి వస్తున్న మూడో బ్లాకాయన ఆగాడు. పొగ తగ్గాక గుండ్రటి ఆ బోడి జాగాను మర్యాదగా చూశాడు.

"హెలిప్యాడ్ బాగా వచ్చింది సార్" అన్నాడు.

ఆ మాటకు నవ్వనిది బావ ఒక్కడే. ఇంజను ఆపి దిగాడు. నేను తోస్తానంటే కూడా ఎక్కలేదు. ఇద్దరం కలిసే తోసుకుపోయాం. అప్పుడే నాకు ఆయన నిజంగా భయపడుతున్నాడని అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ కంచంలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు. అక్క ఎండు చింతచిగురు పప్పు వడ్డించింది. బావ ముందు ఆ పప్పు పెడితే, ఆయన తినకపోవడం నేను చూడటం అదే మొదలు.

"పోతే పోనీలే" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "సిమెంటు పలకలైతే నీళ్లడగవు. నేనూ తెల్లారి లేసే పనుండదు."

అక్క పప్పు గిన్నె మీద మూత పెట్టింది. చెయ్యి కడుక్కుంది. కొంగు బిగించి దోపుకుంది. ఆమె కొంగు దోపిందంటే మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ అందరం ఎక్కడి పని అక్కడ ఆపి నిలబడతాం.

"ఆ బండెక్కడుండాది?"

"షెడ్డులో. నీకేంటికి?" అన్నాడు బావ.

"మీరిద్దరూ దాని నెత్తి చూసినారు, నడుము చూసినారు. ఎవరైనా అడుగున పడుకోని చూసినారా?"

మేము మొహాలు చూసుకున్నాం. చూడలేదు. బావకు నడుము వంగదు, నాకు పొట్ట వంగనివ్వదు.

బండిని కింది అంతస్తు పార్కింగుకు దిగే వాలులోకి దింపాం. ముందు చక్రాలు గట్టు మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఇంజను ప్లగ్గు వైరు పీకేశాం, పొరపాటున కూడా స్టార్టు కాకుండా. అక్క పాత దుప్పటి పరుచుకుని, సెల్‌ఫోను దీపం పట్టుకుని, బండి కిందికి దూరింది. బయట మాకు ఆమె పాదాలు, మెట్టెలు మాత్రమే కనబడుతున్నాయి.

"ఏముండాది?" అన్నాడు బావ.

పాదాలు ఇంకొంచెం లోపలికి జరిగాయి.

"ఏమే, ఏముండాదంటే?"

"బంతిపూలు" అంది అక్క గొంతు.

"ఏమిటీ?"

"బంతిపూలప్పా. మావిడాకులు కూడా ఉండాయి."

అప్పుడు నాకు ఆయుధపూజ గుర్తొచ్చింది. బెంగళూరులో ఆయుధపూజ నాడు చక్రమున్నది ఏదీ తప్పించుకోలేదు. బస్సు, ఆటో, సైకిలు, చంటిపిల్లల తోపుడు బండి, దేనికైనా సరే, కడిగి, గంధం, కుంకుమ, దండ. అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, బూడిదగుమ్మడికాయ పగలగొట్టాల్సిందే. ఆ రోజు మా గడ్డి బండి పెళ్లికొడుకులా తయారైంది. అక్క నాలుగు బారల బంతిపూల దండను బండి ముందు నుంచి వెనక దాకా చుట్టి, మావిడాకులతో కలిపి గట్టి నూలుదారంతో ముడులు వేసింది. బావ అంతటితో తృప్తి పడలేదు. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే యంత్రానికి లోపలి చక్రాలక్కూడా బొట్టు పెట్టిన చెయ్యి అది. పక్క నుంచి వేళ్లు దూర్చి, లోపల నల్లగా తగిలినదానికల్లా నువ్వులనూనెలో కలిపిన గంధం, కుంకుమ రాశాడు. "కనపడేదానికి ఎవరైనా పూజ చేస్తారు, కనపడని దాంట్లోనే గదా శక్తి ఉండేది" అని కూడా అన్నాడు.

శక్తి ఉన్నది నిజంగా అక్కడే. ఇంజను నుంచి చక్రాలకు పోయే ఆ రెండో బెల్టు, నూనె గంధం తాగి అద్దంలా మెరుస్తోందట. దాని పక్కనే ఒక చిన్న పుల్లీ ఉంటుంది. దాన్ని ఒక స్ప్రింగు లాగి పెడుతుంటే, అది బెల్టును బిగువుగా నొక్కి పట్టుకోవాలి. తెగిన దండ దారం లోపలికి జారి, తిరిగి తిరిగి ఆ పుల్లీ చేతికి చుట్టుకుని, పూలూ ఆకులతో సహా గువ్వగూడు కట్టేసింది. స్ప్రింగు లాగుతోంది, దారం వదలదు. బెల్టు వదులు. వదులైన బెల్టుకు నూనె. ఇక బండి ఎత్తు ఎక్కమంటే ఎట్లా ఎక్కుతుంది? బిగువు తగ్గిందొకటి, జారుడు రెండోది. అందులో మేము ఆ పక్క బెల్టు మార్చి సంబరపడ్డాం.

లోపల ఒక నిమ్మకాయ కూడా ఊరగాయ అయి దొరికిందని నేను అందరికీ చెబుతుంటాను. బావ దొరకలేదంటాడు. ఆయన ఆ సమయంలో ఏమీ చూసే స్థితిలో లేడు.

"దండ ఎవరు కట్టినారు?" అన్నాడు కిందికి వంగలేక వంగుతూ.

"నూనె ఎవరు పూసినారు?" అంది బండి.

"ముడి మీద ముడి ఎవరేసినారంటా!"

"లోపల శక్తి ఉండాదని చెయ్యి పెట్టిందెవరంటా!"

నేను ఇంట్లోకి పరిగెత్తి కత్తెర తెచ్చాను. దారం రెండు చోట్ల కత్తిరిస్తే క్షణంలో ఊడిపోతుంది. దుప్పటి అంచు దగ్గర కత్తెర పెట్టి లోపలికి తోశాను. అది వచ్చినంత వేగంగా బయటికి వచ్చేసింది.

"దేవుని దండకు ఇనుము తగలనిస్తానా? కళ్లు పోతాయి. విప్పుతా."

"అక్కా, సాయంత్రం జల్లు పడితే గడ్డి తడిసిపోతాది. తడి గడ్డి కోయలేం. రేపు పొద్దున్నే మీటింగు."

"నేను కట్టిన ముడి నాకు విప్పను రాదా? జడ పిన్ను ఇయ్యి."

జడ పిన్ను ఆమె తలలోనే ఉంది. పక్కనుంచి చెయ్యి దూర్చి, తీసి అందించింది నేను. ఇక మొదలైంది. బావ ఆకాశం వైపు చూస్తాడు, మబ్బు. వాచీ వైపు చూస్తాడు. బండి కింద దుప్పటి మీద ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి: నలిగిన బంతిపువ్వు, నల్లబడిన మావిడాకు, ముడి విప్పిన దారం ముక్క. ఒక్కదాన్నీ అక్క నేల మీద పడనివ్వలేదు. వాటిని బావ అరచేతుల్లో పట్టమంది. పచ్చిక పోతుందని ప్రాణం పోతున్న మనిషి, దోసిట్లో నిర్మాల్యం పట్టుకుని, కదలకుండా, భక్తుడిలా నిలబడ్డాడు. ముక్కు దురద పెడితే నన్ను గోకమన్నాడు.

"ఇంకా ఎన్ని ముడులేసినావే తల్లీ?" అన్నాడొకసారి, బతిమాలే గొంతుతో.

"నీ బండి నూరేళ్లు చల్లగా ఉండాలని ఏసినా. నూరేళ్లు ఉండేట్టే ఏసినా" అంది లోపల్నుంచి.

ఆఖరి ముడి విడిపోయినప్పుడు టక్కుమని శబ్దం వచ్చింది. స్ప్రింగు తన చేతిని తాను లాక్కుంది. పుల్లీ వచ్చి బెల్టును అదిమి పట్టుకుంది. అక్క సబ్బునీళ్లు పిండిన గుడ్డ అడిగి, బెల్టునూ పుల్లీలనూ నూనె పోయేదాకా తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచింది. బయటికి వచ్చేసరికి ఆమె చెంప మీద నల్లటి గ్రీజు, నుదుటి మీద చెదిరిన కుంకుమ. బావ దోసిలి అలాగే పట్టుకుని ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు.

"ఆ పూలు కరివేపాకు చెట్టు మొదట్లో వెయ్యి. చెత్తబుట్టలో వేస్తే ఊరుకోను" అంది.

ప్లగ్గు వైరు పెట్టాం. బావ ఎక్కాడు. ఇంజను పలికింది. పెడలు నొక్కాడు. బండి కదిలింది. కదలడమేమిటి, ఆ వాలంతా ఎక్కి, ఈతకొలను పక్కన ఎత్తూ ఎక్కి, ఒక్కసారి కూడా కీచుమనకుండా పచ్చిక మీదికి దూకింది. బావ టోపీ ఎగిరిపోయింది. దాన్ని తీసుకోవడానికి కూడా ఆయన ఆగలేదు. నేనైతే ఆ టోపీ వైట్‌ఫీల్డు వైపు పోయిందని చెబుతాను. నిజానికి వాచ్‌మన్ తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం జల్లు వచ్చేలోపు సగం పచ్చిక నున్నబడింది. మిగతా సగం ఆదివారం పొద్దున, ఎండ కాసి గడ్డి ఆరాక మొదలుపెట్టాడు. అప్పటికి జనం కాఫీ గ్లాసులు పట్టుకుని ఒక్కొక్కరే దిగుతున్నారు. కోసిన సగంలో కుర్చీలు వేశారు. కోసిన గడ్డి వాసన. చెప్పులు విడిచి కూర్చున్నారు కొందరు.

మూడో బ్లాకాయన లాప్‌టాప్‌తో వచ్చాడు. అందులో పార్కింగు బొమ్మలు ఉన్నాయి. బండి తన పక్కనుంచి సాగిపోతుంటే కాసేపు చూశాడు. తిరిగి వస్తుంటే మళ్లీ చూశాడు. మూడోసారి వచ్చేసరికి లాప్‌టాప్ కుర్చీలో పెట్టి లేచాడు.

"సార్, ఇది ఆటోమేటికా?"

"పెడలు నొక్కితే పోతాది" అన్నాడు బావ, బండి ఆపకుండానే.

"ఒక్క రౌండ్, సార్. జస్ట్ ఒక్కటి. చిన్నప్పుడు మా మావయ్య ట్రాక్టర్ ఎక్కనిచ్చేవాడు కాదండీ."

బావ బండి ఆపాడు. సీటును అట్టే పట్టుకుని కూర్చున్నాడు. శత్రువుకు గుర్రం ఇవ్వాలా? ఆయన చూపు కుర్చీల్లో వెతికి అక్కను పట్టుకుంది. అక్క గడ్డం కొంచెం పైకెత్తింది, దిగమని. బావ దిగాడు.

మూడో బ్లాకాయన ఎక్కాడు. ఒక రౌండు అన్నది రెండయింది. రెండు లెక్కలేకుండా పోయాయి. ఆయన పోయే తోవ చూస్తే కోసిన గీతలు తాగి నడిచినట్టు ఉన్నాయి. బావ మొదట నిలబడి చూశాడు. తరువాత నడిచాడు. తరువాత పరిగెత్తాడు.

ఇక్కడ సంఘం అధ్యక్షుడు మైకులో, "పార్కింగు తీర్మానం. పెట్టినవారు వచ్చి మాట్లాడాలి" అన్నాడు. పెట్టినవారు దూరాన ఈతకొలను మలుపులో స్టీరింగు తిప్పుతున్నారు. ఇంజను చప్పుడులో ఆయనకు ఏమీ వినబడదు. రెండుసార్లు పిలిచాడు. జనం నవ్వుతున్నారు. "పోనీ, నేరుగా చేతులెత్తించేస్తాను. పచ్చిక ఉండాలనేవారు?" అన్నాడు అధ్యక్షుడు. చేతులు లేచాయి. అక్క చెయ్యి లేచింది. నేను రెండు చేతులూ ఎత్తాను, ఒకటే లెక్కపెట్టారు. పెరికెయ్యాలన్నవారెవరంటే ఒక్క చెయ్యీ లేవలేదు. అలా ఆ తీర్మానం వీగిపోయింది, పెట్టిన మనిషీ ఓటెయ్యలేదు, దాని కోసం అన్నం మానేసిన మనిషీ ఓటెయ్యలేదు.

అధ్యక్షుడు ఫలితం ప్రకటిస్తుండగా, మైకును మించి దూరం నుంచి మా బావ గొంతు వినబడింది. చెప్పుల్లేకుండా గడ్డిలో పరిగెడుతూ, బండి వెనక చెయ్యూపుతున్నాడు.

"పెడలు మీద కాలు ఊరికే ఆనించి ఉంచుకోవద్దప్పా! బెల్టు అరిగిపోతాది! ఎత్తెక్కేటప్పుడు నెమ్మది, నెమ్మది అంటాండా! ఆ గీత పక్కనే రావాల, అట్ల వంకరగా కాదు... ఇటు రా, ఇటు!"